పాత లోకల్ రైళ్లకు మరమ్మతు, మెరుగులు: ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న పట్టాలెక్కింది. ముంబై, చెన్నై, కోల్‌కతా లోకల్ రైళ్లకు దానికన్నా చాలా పాత చరిత్ర ఉంది. ఊర్లు వేరైనా ఈ రైళ్ల కుటుంబం ఒకటే. ఎక్కువ పెట్టెలు చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) డిజైన్‌కు చెందిన ఈఎంయూలు, అంటే విడిగా ఇంజిన్ లేకుండా కొన్ని పెట్టెల కిందే మోటార్లు ఉండే రైళ్లు. అందుకే ఇక్కడి జవాబులు చాలావరకు అన్నిచోట్లా వర్తిస్తాయి. తేడా ఉన్నచోట ఊరి పేరు చెప్పాం.

రైలును "ఆధునికీకరించాం" అంటారు. రంగు మార్చడం తప్ప నిజంగా ఏమైనా చేస్తారా?

చేస్తారు. కానీ ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు నడుస్తాయి. ఏది జరిగిందో తెలియకపోతే ఏం ఆశించాలో కూడా తెలియదు.

మొదటిది పీఓహెచ్, అంటే వర్క్‌షాపులో జరిగే పీరియాడికల్ ఓవర్‌హాల్. ఈఎంయూలకు మామూలుగా 18 నెలలకోసారి వస్తుంది. పెట్టెను పైకెత్తి కింద చక్రాల ఫ్రేములు బయటికి లాగి, బ్రేకులు, బేరింగులు, మోటార్లు విప్పి చూస్తారు. చివర్లో రంగు వేస్తారు. ప్రయాణికుడికి కనిపించేది ఆ రంగు ఒక్కటే, అసలు పనంతా నేలకిందే జరుగుతుంది.

రెండోది మిడ్ లైఫ్ రిహాబిలిటేషన్. ఈఎంయూ పెట్టెకు రైల్వే లెక్కలో ఆయుష్షు 25 ఏళ్లు. అందులో సగం గడిచాక, అంటే 12 నుంచి 15 ఏళ్ల మధ్య, లోపలి ప్యానెళ్లు, నేల, సీట్లు, వైరింగు మొత్తం పీకేసి, తుప్పు పట్టిన ఉక్కు కోసేసి, కొత్తది వెల్డింగ్ చేసి మళ్లీ అమరుస్తారు. ప్రయాణంలో స్పష్టమైన తేడా తెలిసేది దీని తర్వాతే.

మూడోది విద్యుత్ పరికరాల మార్పిడి. పాత డీసీ మోటార్లు, ట్యాప్ చేంజర్ (మోటార్లకు వెళ్లే వోల్టేజీని మెట్లు మెట్లుగా పెంచే పరికరం) తీసేసి త్రీఫేజ్ మోటార్లు, వాటికి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే ఎలక్ట్రానిక్ పరికరాలు, అంటే ఐజీబీటీ కన్వర్టర్లు పెట్టడం. ఇది ఖరీదైన పని. పెట్టె బాడీలో ఇంకా చాలా ఏళ్ల సత్తువ మిగిలి ఉంటే తప్ప గిట్టుబాటు కాదు.

కొత్త రంగు, ఎల్‌ఈడీ లైట్లు చూసి మూడూ జరిగాయనుకోవడం పొరపాటు. చాలాసార్లు మొదటిదే జరిగి ఉంటుంది.

నేనెక్కిన పెట్టెకు ఏం పని జరిగిందో ఎలా తెలుస్తుంది?

పెట్టె బయటివైపు చివర్న చిన్న అక్షరాలతో స్టెన్సిల్ రాత ఉంటుంది. ఏ వర్క్‌షాపులో, ఏ తేదీన పీఓహెచ్ అయిందో, మళ్లీ ఎప్పుడు వెనక్కి పంపాలో అక్కడ కనిపిస్తుంది. తయారీ సంవత్సరం బిల్డర్ ప్లేటు మీద ఉంటుంది.

లోపల అయితే స్క్రూలు చూడండి. పాత ప్యానెల్‌కు కొత్త రంగు పూసి ఉంటే స్క్రూ తలల గాడుల్లో పెయింట్ నిండి ఉంటుంది. ప్యానెల్ తీసి వెనక పని చేసి ఉంటే స్క్రూలు శుభ్రంగా మెరుస్తాయి. సీటు కింద ఎవరూ చూడని మూలలో నేల, గోడ కలిసే చోట నీరు దిగకుండా పూసే సీలెంట్ గీత కొత్తగా ఉందా, నల్లబడి పగిలి ఉందా అన్నది ఇంకా మంచి ఆనవాలు.

చెవికి కూడా తెలుస్తుంది. ట్యాప్ చేంజర్ ఉన్న పాత మోటర్ కోచ్ (కింద మోటార్లున్న పెట్టె) బయలుదేరేటప్పుడు వేగం మెట్లు మెట్లుగా పెరుగుతుంది, ప్రతి మెట్టుకీ చిన్న తోపు. త్రీఫేజ్ రేకులో (రేకు అంటే ఒక రైలుగా కలిసి నడిచే పెట్టెల వరుస) అలాంటి మెట్లుండవు. సన్నని కూత లాంటి శబ్దం శ్రుతి పెంచుకుంటూ పోతుంది.

రిపేరు పేరుతో రైళ్లు ఎందుకు రద్దవుతాయి? ఖాళీ సమయంలో చేసుకోలేరా?

షెడ్డులో రోజువారీ తనిఖీ రాత్రిపూట, మధ్యాహ్నపు ఖాళీలో జరిగిపోతుంది. పీఓహెచ్ కానీ మిడ్ లైఫ్ పని కానీ అలా కుదరదు. పెట్టె వారాల తరబడి వర్క్‌షాపులోనే ఉండాలి.

లెక్క ఇలా ఉంటుంది. ఉదాహరణకు టైంటేబుల్ నడపడానికి 10 రేకులు కావాలి, చేతిలో 12 ఉన్నాయి అనుకుందాం. ఒకటి షెడ్డులో తనిఖీలో, ఒకటి వర్క్‌షాపులో. అంతే, మిగులు సున్నా. ఆ రోజు ఇంకో రేకులో కంప్రెసర్ పాడైతే ఒక ట్రిప్పు కాదు, ఆ రేకు రోజంతా చేయాల్సిన ట్రిప్పులన్నీ పోతాయి. "ఒక్క రైలే కదా పాడైంది, ఇన్ని రద్దులెందుకు" అనే ప్రశ్నకు జవాబు ఇదే.

పైగా ప్యానెళ్లు విప్పేదాకా లోపల ఎంత తుప్పుందో ఎవరికీ తెలియదు. ఒక పిల్లర్ అడుగు మార్చాలనుకుని విప్పితే పక్క మూడు కూడా పోయి ఉంటాయి. ఉక్కు తెప్పించి కోసి వెల్డ్ చేసేసరికి అనుకున్న తేదీ దాటిపోతుంది. పెట్టెలు యూనిట్లుగా నడుస్తాయి కాబట్టి ఆలస్యం ఒక్క పెట్టెతో ఆగదు. 12 పెట్టెల రేకు అంటే మామూలుగా మూడేసి పెట్టెల నాలుగు యూనిట్లు. యూనిట్‌లో ఒక పెట్టె వర్క్‌షాపులో ఆగితే మిగతా రెండూ దానికోసం ఎదురుచూడాల్సిందే.

ఈమధ్యే బాగుచేసిన పెట్టెలో వానకు నీళ్లెందుకు కారుతున్నాయి?

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇది. కారణం కూడా చాలాసార్లు చిన్నదే.

నీళ్లు మూడు దారుల్లో వస్తాయి. పైకప్పు మీద వెంటిలేటర్లు, కేబుల్ గొట్టాలు దిగే చోట సీలెంట్ పగులుతుంది. ఎండకు ఉక్కు సాగి రాత్రికి ముడుచుకుంటూ ఉంటే, పాత సీలెంట్ మీదే కొత్తది రాసిన చోట అది ఊడిపోతుంది. పాతది పూర్తిగా గీకి, శుభ్రం చేసి, ఆరాక రాయాలి. హడావుడిలో వదిలేసేది ఈ మెట్టునే.

రెండో దారి కిటికీ. చట్రం అడుగున నీళ్లు బయటికి పోవడానికి చిన్న కంతలుంటాయి. పల్లీ పొట్టు, గుట్కా పొట్లాలు, టికెట్ ముక్కలు వాటిని పూడ్చేస్తాయి. నీళ్లు చట్రంలో నిలిచి లోపలివైపు పొంగుతాయి. మనవాళ్లు కిటికీ సందులో దోపే ప్రతి కాగితం ముక్కా చివరికి అక్కడికే చేరుతుంది.

మూడోది తలుపు పైనుండే నీటి గాడి. రంగు వేసేటప్పుడు దాన్ని పుట్టీతో నింపేసిన పెట్టెల్లో వాన నేరుగా గుమ్మంలో నిలబడ్డవాళ్ల నెత్తిన పడుతుంది.

వర్క్‌షాపు నుంచి పంపేముందు పెట్టె మీద నీళ్లు చిమ్మి పరీక్షిస్తారు. నిలబడి ఉన్న పెట్టెలో పరీక్షకు నిలిచిన సీలెంట్, వేగంగా పోతూ గాలికి ఏటవాలుగా కొట్టే వానకు నిలవకపోవచ్చు.

తుప్పు ఎక్కడ ఎక్కువగా పడుతుంది? ప్రమాదమా?

గుమ్మాల అడుగున, గోడ పిల్లర్లు నేల ఫ్రేమును కలిసేచోట, పెట్టె పొడవునా కింద సాగే సోల్‌బార్ మీద. ఈఎంయూలో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి దూరప్రయాణపు పెట్టెలకు వచ్చే ఆ తరహా తుప్పు ఇక్కడ లేదు. కానీ తలుపులు తెరిచే నడుస్తాయి కనుక వానాకాలమంతా గుమ్మం దగ్గర నీళ్లే. నేల పొర కిందికి జారిన నీరు ఆరదు.

వర్క్‌షాపులో సుత్తితో కొట్టి, మందం కొలిచి, పలచబడ్డ ముక్కను కోసి కొత్తది అతుకుతారు. సరిగ్గా చేస్తే ఏళ్లు నిలుస్తుంది. పాత ఉక్కు ముక్క తీయకుండా దానిమీదే ప్యాచ్ వేసి వెల్డ్ చేస్తే రెండింటి మధ్య తడి ఇరుక్కుని లోపల్నుంచి తింటుంది. పైకి రంగు నున్నగానే ఉంటుంది. గుమ్మం పక్క గోడ అడుగున రంగు బుడగలుగా ఉబ్బితే లోపల ఆ పని మొదలైందని అర్థం. అప్పటికప్పుడు ప్రమాదం కాదు, కానీ ఫిర్యాదు చేయాల్సిన విషయమే. స్టెయిన్‌లెస్ స్టీల్ బాడీతో వచ్చిన తర్వాతి తరం పెట్టెల్లో ఈ బెడద బాగా తగ్గింది.

నేల మీద కాలు తట్టుకుంటోంది, కొన్నిచోట్ల మెత్తగా దిగుతోంది. ఎందుకు?

పాత పద్ధతిలో ఉక్కు నేల మీద రెసిన్‌తో నొక్కి చేసిన కంప్రెగ్ ప్లైవుడ్ పలకలు, వాటిమీద పీవీసీ పొర. పీవీసీ అతుకులను వేడితో వెల్డ్ చేయాలి. ఉత్త జిగురుతో అతికిస్తే రోజూ వేలమంది చెప్పుల ఒరిపిడికి అంచు లేస్తుంది. ఆ సందులోంచి నీరు దిగి పలక ఉబ్బి, తర్వాత కుళ్లి, అడుగు పెడితే మెత్తగా దిగిపోతుంది. మరమ్మతు పేరుతో పైపొర మాత్రమే మార్చినచోట కొన్ని నెలల్లోనే అదే మెత్తదనం తిరిగొస్తుంది. గుమ్మాల దగ్గర గళ్ల స్టీలు పలక వేయడమే దీనికి మంచి మందు.

ఫ్యాన్లు కొత్తవి పెట్టారు, అయినా ఉక్క తగ్గలేదు. లోపం ఎక్కడ?

ఫ్యాన్‌లో కాదు. ఫ్యాన్ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. రైలు కదులుతున్నంతసేపూ తెరిచిన తలుపులు, కిటికీలు గాలి తెస్తాయి. సిగ్నల్ దగ్గర ఆగితే అది ఆగిపోతుంది. గుమ్మం నిండా మనుషులు నిలబడితే రైలు పరుగెత్తుతున్నా నడిమధ్యకు గాలి చేరదు. ముంబైలో రద్దీ వేళ చదరపు మీటరుకు 14 నుంచి 16 మంది దాకా నిలబడతారు. అంతమంది ఒంటివేడిని గోడ ఫ్యాన్లు తీయలేవు.

అందుకే 2007లో ముంబైలో దిగిన సీమెన్స్ రేకుల్లో పైకప్పు మీద బ్లోయర్లు పెట్టి బయటి గాలిని బలంగా లోపలికి పంపే ఏర్పాటు చేశారు. పాత పెట్టెకు దీన్ని తగిలించాలంటే కప్పు కోయాలి, బరువు మోయడానికి బలపరచాలి, కరెంటు సరఫరా పెంచాలి. అది మిడ్ లైఫ్ పనిలో భాగంగా చేస్తేనే కుదురుతుంది. పెట్టాక ఫిల్టర్లు క్రమం తప్పకుండా కడగాలి. దుమ్ము పట్టిన ఫిల్టరుతో బ్లోయర్ మోత మోగిస్తుంది, గాలి మాత్రం రాదు. "శబ్దం వస్తోంది, గాలి లేదు" అని ఫిర్యాదులో అదే మాట రాయండి, షెడ్డువాళ్లకు సూటిగా అర్థమవుతుంది.

ఆగిపోయిన ఫ్యాన్‌ను పెన్నుతోనో దువ్వెనతోనో తిప్పితే తిరుగుతుంది. ఎందుకలా?

పాత డీసీ ఫ్యాన్లలో కార్బన్ బ్రష్‌లుంటాయి. అవి అరిగినా, అవి తాకే కమ్యుటేటర్‌కు మురికి పట్టినా, రెక్క ఒకానొక చోట ఆగినప్పుడు కరెంటు అందదు. కాస్త కదిపితే పక్క గడి తగిలి తిరుగుతుంది. అంటే ఆ ఫ్యాన్ చావుకు దగ్గరగా ఉంది. బ్రష్‌లు లేని బీఎల్‌డీసీ ఫ్యాన్లలో ఈ కిటుకు పనిచేయదు. కదలకపోతే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోయినట్టే. జాలీలో ఏదీ దూర్చకండి, విరిగిన పెన్ను ముక్క ఎదుటివాళ్ల కంట్లో పడుతుంది.

సీట్లు గట్టిగా ఎందుకు మార్చారు? కుషన్ ఉండేది కదా.

చిరగడం, తడవడం, నిప్పు. ఈ మూడింటి వల్లే. మంటను తట్టుకునే నురుగు ఉంది కానీ పైతొడుగు బ్లేడుతో చీరితే లోపలి నురుగు నీరు పీలుస్తుంది, నల్లులకు ఇల్లవుతుంది. స్టీలు, ఎఫ్‌ఆర్‌పీ (గాజుపోగులు కలిపిన ప్లాస్టిక్) సీట్లు కడిగితే శుభ్రం. ఇరవై, ముప్ఫై నిమిషాల ప్రయాణానికి అవి నయం. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా దాకా కూర్చునేవాళ్ల నడుము మాత్రం ఒప్పుకోదు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే.

ఈ సమస్య మనకొక్కరికే కాదు. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే ఫ్రీమాంట్ వైపు నడిచే శాన్‌ఫ్రాన్సిస్కో బార్ట్ రైళ్లలో 1972 నుంచి ఊలు సీట్లు, నేలమీద కార్పెట్ ఉండేవి. 2011లో పరీక్షిస్తే సీట్లలో రకరకాల బ్యాక్టీరియా బయటపడి పెద్ద గొడవైంది. 2012 నుంచి తుడిస్తే పోయే వినైల్ సీట్లు వేశారు. మెత్తదనం తగ్గిందని గొణిగినవాళ్లు అక్కడా ఉన్నారు.

సీట్ల సంఖ్య తగ్గించడం ప్రయాణికులకు అన్యాయం కాదా?

గుమ్మం పక్కనున్న ఒక వరుస తీసేస్తే ఆ జాగాలో కూర్చునేవాళ్లకన్నా ఎక్కువమంది నిలబడగలరు. అంతకన్నా ముఖ్యం, దిగేవాళ్లు ముందుగా గుమ్మం దగ్గరకు చేరగలరు, స్టేషన్లో రైలు ఆగే సమయం తగ్గుతుంది. రద్దీ విపరీతంగా ఉన్న మార్గంలో ఇది సరైన పనే. అరగంటకో గంటకో ఒక రైలు వచ్చే మార్గంలో సీట్లు తీసేయడం మాత్రం సమర్థించలేం. అక్కడి కొరత రైళ్ల సంఖ్యలో ఉంది, పెట్టె లోపలి జాగాలో కాదు.

బయలుదేరేటప్పుడు, ఆగేటప్పుడు కుదుపు. మోటర్‌మ్యాన్ నడపడం రాకా?

అరుదుగా. బయలుదేరేటప్పటి కుదుపుకు రెండు కారణాలు: ట్యాప్ చేంజర్ మెట్లు, పెట్టెల మధ్య కప్లింగులో అరుగుదల. కప్లింగులో సందు పెరిగితే ముందు పెట్టె కదిలాక వెనక పెట్టె ఆలస్యంగా అందుకుంటుంది. ఆ దెబ్బ చివరి పెట్టెల్లో ఎక్కువ.

ఆగేటప్పటి సంగతి వేరు. ఈఎంయూల్లో ఎలక్ట్రో న్యూమాటిక్ బ్రేకు ఉంటుంది. కరెంటు సంకేతంతో అన్ని పెట్టెల్లో ఒకేసారి గాలి బ్రేకు పడాలి. ఒక పెట్టెలో వాల్వు మొరాయిస్తే ఆ పెట్టె ఆగదు, పక్క పెట్టెను తోస్తుంది. త్రీఫేజ్ రేకుల్లో మొదట మోటార్లే బ్రేకు వేసి కరెంటును తీగలోకి తిప్పి పంపుతాయి, వేగం బాగా తగ్గాక గాలి బ్రేకు అందుకుంటుంది. మోటార్ల నుంచి గాలి బ్రేకుకు ఈ అప్పగింత సరిగ్గా కుదరకపోతే ప్లాట్‌ఫాం మీద ఆగడానికి రెండు సెకన్ల ముందు ఒక విసురు వస్తుంది. కొత్తగా పరికరాలు మార్చిన రేకుల్లో మొదటి కొన్ని వారాలు ఇది మామూలే, సాఫ్ట్‌వేర్ సర్దాక తగ్గుతుంది. తగ్గకపోతే రాయండి. ఆగేముందు పట్టుకున్న కడ్డీ వదలకండి.

చక్రాల కింద టకటకమంటూ ఆగకుండా శబ్దం. పట్టాలదా, రైలుదా?

లెక్కపెట్టి చెప్పవచ్చు. బ్రేకు బిగుసుకుని చక్రం తిరగకుండా జారితే ఆ చోట చదునుగా అరుగుతుంది. ఆ చదును ప్రతి చుట్టుకూ ఒకసారి కొడుతుంది. కొత్త చక్రం వ్యాసం 952 మిల్లీమీటర్లు, చుట్టుకొలత దాదాపు 3 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఐదారు దెబ్బలు పడతాయి, రైలు నెమ్మదిస్తే అవీ నెమ్మదిస్తాయి. పట్టా అతుకుల శబ్దం అంత వేగంగా ఉండదు, కొన్ని ప్రాంతాల్లోనే వినిపించి పోతుంది. దారంతా ఒకే పెట్టెలో వినిపిస్తే చక్రానిదే తప్పు. షెడ్డులో లేత్ మీద చెక్కి సరిచేస్తారు. నిర్లక్ష్యం చేస్తే ఆ దెబ్బలకు బేరింగులు, పట్టాలు కూడా దెబ్బతింటాయి.

పునరుద్ధరించిన రైలెక్కడానికి మెట్టు ఎత్తు పెరిగినట్టుంది. నిజమేనా?

నిజం కావచ్చు. రైల్వే కొలతల ప్రకారం హైలెవెల్ ప్లాట్‌ఫాం ఎత్తు 760 నుంచి 840 మిల్లీమీటర్లు. ఈఎంయూ నేల అంతకన్నా చాలా పైన ఉంటుంది. చక్రాలు అరిగేకొద్దీ పెట్టె కిందికి దిగుతుంది, కొత్త చక్రాలు వేసినప్పుడు మళ్లీ పైకి లేస్తుంది. అరుగుదలకు తగ్గట్టు కింద ప్యాకింగు పలకలు పెట్టి ఎత్తు సరిచేస్తారు. చక్రం మార్చి పాత ప్యాకింగు తీయడం మరిస్తే మెట్టు పెరిగినట్టే. పట్టాల కింద కంకర పోసి దట్టించినప్పుడల్లా (ట్యాంపింగు) పట్టా కాస్త లేస్తుంది, ప్లాట్‌ఫాం లేవదు. తప్పు రైలుదో ప్లాట్‌ఫాందో తేల్చడానికి అదే రైలు రెండు స్టేషన్లలో చూడండి.

ఎయిర్ స్ప్రింగులున్న పెట్టెల్లో జనం ఎక్కినా దిగినా నేల ఎత్తు ఒకేలా ఉండేలా లెవెలింగ్ వాల్వు గాలి నింపుతూ, వదులుతూ ఉంటుంది. పాత ఉక్కు స్ప్రింగులు కిక్కిరిసిన జనంతో పూర్తిగా అణిగిపోయి, ఆపైన ప్రతి గుంటా వెన్నుకు తగిలేది. ఎయిర్ స్ప్రింగు పగిలితే పెట్టె ఒక పక్కకు ఒరుగుతుంది, వేగం తగ్గించి నడుపుతారు. ముంబైలో ప్లాట్‌ఫాం సందులో పడి తీవ్ర ప్రమాదాలు జరిగాక 2014 నుంచి ప్లాట్‌ఫాంల ఎత్తును 900 మిల్లీమీటర్లు దాటేలా పెంచారు. పెట్టెలెన్ని మార్చినా రాని మేలు ఆ కాంక్రీటు పనితో వచ్చింది.

పాత రైళ్లకే వాటంతట అవి మూసుకునే తలుపులు పెట్టవచ్చుగా?

2025 జూన్ 9న ముంబ్రా వద్ద ఎదురెదురుగా వెళ్తున్న లోకల్స్ గుమ్మాల్లో వేలాడుతున్నవాళ్లు పడిపోయాక రైల్వే బోర్డు ప్రకటించింది అదే: ముంబైకి కొత్తగా చేసే రేకులన్నిటికీ మూసుకునే తలుపులు, ఉన్నవాటికి కూడా అమరుస్తారు. ఏసీ లేని రైలులో దీనికి అడ్డు గాలి. తలుపు మూస్తే ఊపిరాడదు. అందుకే తలుపులకు గాలి సందులు, కప్పు మీద వెంటిలేషన్ యూనిట్లు, పెట్టెల మధ్య నడిచే దారి కలిపి డిజైన్ చేస్తామన్నారు. ఈ మూడిట్లో ఒకటి తప్పినా తలుపు ప్రయాణికులకు శత్రువే అవుతుంది.

నడిపేటప్పుడు వచ్చే చిక్కు ఇంటర్‌లాక్. అన్ని తలుపులూ మూసుకున్నట్టు సంకేతం రానిదే రైలు కదలదు. ఒక్క బ్యాగు పట్టీ ఇరుక్కున్నా 12 పెట్టెలూ ఆగుతాయి. తలుపు అడుగు గాడిలో చెత్త చేరినా అంతే. ముంబై ఏసీ లోకల్స్ రద్దీ వేళ ఆలస్యమయ్యేది చాలావరకు ఇక్కడే. ఎంఎంటీఎస్‌లో తలుపులు ఇప్పటికీ చేత్తో తోసేవే, అవీ ఎప్పుడూ తెరిచే ఉంటాయి. గుమ్మం మధ్య స్తంభాన్ని పట్టుకుని నిలబడండి, అంచున కాదు.

అయితే మొత్తం ఏసీ చేసేయవచ్చుగా?

పాత పెట్టెను ఏసీ చేయడం దండగ. కిటికీలు మూయాలి, గోడలకు ఉష్ణనిరోధకం కావాలి, కప్పు మీద టన్నుల బరువు మోయాలి, కరెంటు పరికరాలు పెంచాలి, తలుపులు మార్చాలి. అన్నీ మార్చాక మిగిలేది పాత బాడీ ఒక్కటే. ముంబైలో 2017 డిసెంబరు 25న నడిచిన మొదటి ఏసీ లోకల్ కూడా ఐసీఎఫ్ కొత్తగా చేసిందే. అక్కడ జనం ఏసీ వైపు బాగా మళ్లింది 2022 మే 5న సింగిల్ టికెట్ ధర సగానికి తగ్గించాక.

త్రీఫేజ్ పెడితే కరెంటు ఆదా అంటారు. మాకేంటి?

బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటు వెనక్కి పోవడం వల్ల 30 శాతం దాకా ఆదా అవుతుందని రైల్వే లెక్క. టికెట్ ధర దానివల్ల తగ్గదు. మీకు దక్కేది వేరే: కుదుపు తక్కువ, వేగం త్వరగా అందుకోవడం, దారిలో ఆగిపోవడాలు తగ్గడం. స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉన్న మార్గంలో త్వరగా వేగం అందుకోవడమే సమయాన్ని మిగిలిస్తుంది. ముందు గూడ్సు ఉంటే మాత్రం ఏ మోటారూ ఆదుకోదు. దూరప్రయాణ రైళ్లు, గూడ్సులతో పట్టాలు పంచుకునే ఎంఎంటీఎస్ ఆలస్యాలకు పెట్టెలను తిట్టి లాభం లేదు.

రైలు బేగంపేటలో ఉంటే కొత్త డిస్‌ప్లే పక్క స్టేషన్ నేచర్ క్యూర్ హాస్పిటల్ అంటోంది. ఎందుకు?

జీపీఎస్ ఆధారంగా నడిచే వ్యవస్థకు ఆ ట్రిప్పు ఏ రూటో ముందుగా ఎంచుకుని ఇవ్వాలి. రైలు చివరి స్టేషన్లో దిశ మార్చుకున్నాక పాత రూటే ఉండిపోతే స్టేషన్లు తిరగబడతాయి. ఉపగ్రహ సంకేతం తెగితే ఒక స్టేషన్ వెనకబడుతుంది. గార్డు, అంటే ఇప్పటి ట్రైన్ మేనేజర్ రీసెట్ చేయగలరు. చూపులేనివారికి ఇది చిన్న తప్పు కాదు, దిగాల్సిన చోటు తప్పిపోతుంది. తప్పు అనౌన్స్‌మెంట్ కన్నా అసలు లేకపోవడమే నయం.

మహిళల పెట్టెల్లో కెమెరాలు, టాక్‌బ్యాక్ పెట్టారు. గొలుసు లాగడం కన్నా అది మేలా?

ఉన్నచోట ముందు టాక్‌బ్యాక్ నొక్కండి, ట్రైన్ మేనేజర్‌తో నేరుగా మాట్లాడవచ్చు. గొలుసు లాగితే బ్రేకు గొట్టంలోంచి గాలి పోయి రైలు ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది. ఎవరైనా దిగి, ఏ పెట్టెలో లాగారో వెతికి, పెట్టె చివర రీసెట్ చేసేదాకా కదలదు. వంతెన మీదో చీకట్లోనో ఆగితే సాయం అందడం ఇంకా ఆలస్యం. ఒంటికి ఆపద ఉంటే మాత్రం ఆలోచించకుండా లాగండి. టాక్‌బ్యాక్ పనిచేస్తుందో లేదో చెప్పే చిన్న లైటు దాని పక్కన ఉంటుంది. వెలగకపోతే అదీ ఫిర్యాదే.

విజయవాడ, రాజమహేంద్రవరం వైపు నడిచే మెమూలకూ ఇవన్నీ వర్తిస్తాయా?

మెమూలంటే ఊర్ల మధ్య నడిచే ఈఎంయూ తరహా రైళ్లే, యంత్రాల సంగతి చాలావరకు అదే. మెమూ పెట్టె వెడల్పు మాత్రం తక్కువ, దాదాపు 3.25 మీటర్లు, ఈఎంయూది 3.66. మెమూలో మరుగుదొడ్లుంటాయి కాబట్టి తుప్పు ఆ చుట్టుపక్కల మొదలవుతుంది. ప్లాట్‌ఫాం నేలబారుగా ఉండే పల్లె స్టేషన్ల కోసం మెట్లుంటాయి. ఆ మెట్ల అంచులు అరిగి నున్నబడటం మెమూ ప్రయాణికులు ముందుగా చెప్పాల్సిన లోపం.

ఫిర్యాదు చేస్తే ఎవరైనా చూస్తారా? ఎలా రాయాలి?

139కి ఫోన్ చేయవచ్చు, రైల్‌మదద్ యాప్‌లో పెట్టవచ్చు. లోకల్ టికెట్‌కు పీఎన్‌ఆర్ ఉండదు, టికెట్ మీది యూటీఎస్ నంబరు ఇవ్వండి. "రైలు బాగోలేదు" అని రాస్తే జవాబుగా క్షమాపణ వస్తుంది. "కోచ్ నంబరు ఫలానా, లింగంపల్లి వైపు చూస్తే ఎడమ పక్క రెండో గుమ్మం, పై పట్టీలోంచి నీరు" అని రాస్తే మనిషి వస్తాడు. షెడ్డుకు రైలు నంబరు కన్నా కోచ్ నంబరే ముఖ్యం, ఎందుకంటే అదే రేకు రేపు వేరే నంబరుతో నడుస్తుంది. కోచ్ నంబరు బయటి గోడ మీద, లోపల చివర గోడ మీద కూడా ఉంటుంది. ఫొటోలో అది కూడా పడేలా చూడండి.

ఇరవై ఏళ్లు దాటిన రేకు మీద ఇంకా డబ్బు పోయడం సబబేనా?

భద్రతకు సంబంధించిన పనికి ఎప్పుడూ సబబే: బ్రేకులు, చక్రాలు, వైరింగు, నేల. 25 ఏళ్లకు తీసేయాల్సిన పెట్టెకు ఇరవై రెండో ఏట కొత్త సీట్లు, అలంకరణ, డిజిటల్ బోర్డులు అంటే మాత్రం వృథా. ఆ డబ్బు 12, 13 ఏళ్ల పెట్టెల నేలకూ, నీరు కారకుండా పూసే సీలెంట్‌కూ పెడితే పదేళ్లు ఫలితం ఇస్తుంది. కొత్త రేకులు ఎటూ వస్తాయని చెప్పి మధ్యలో ఉన్నవాటిని గాలికొదిలేయడం ఇంకా చెడ్డ పని. ఆర్డరు పెట్టిన రోజుకూ రైలు పట్టాలెక్కే రోజుకూ మధ్య ఏళ్లు గడుస్తాయి. అన్నాళ్లూ జనం ఎక్కేది పాతవాటినే.

వర్క్‌షాపు నుంచి వచ్చిన పెట్టెలో ఘాటైన వాసన. కూర్చోవచ్చా?

పెయింటు, పీవీసీ జిగురు వాసన అది. కొద్దిరోజుల్లో పోతుంది, కిటికీలు తెరిచి ఉంచండి. ఆస్తమా ఉంటే ఆ వారం పక్క పెట్టె ఎక్కండి. వాసన మాడిన రబ్బరులా ఉండి, నేల కింద నుంచి వస్తుంటే అది పెయింటు కాదు. బ్రేకు పట్టేసి ఉండవచ్చు, కేబుల్ వేడెక్కుతూ ఉండవచ్చు. తర్వాతి స్టేషన్లో దిగి ట్రైన్ మేనేజర్‌కు కోచ్ నంబరు చెప్పండి.